ఇంజిన్ లేని విమానం... ఇంట్లోనే కడదాం!

పెట్రోలు పొయ్యక్కర్లేదు. ఇంజిన్ చప్పుడు ఉండదు. పెట్టె విప్పితే కనిపించేవి పల్చటి చెక్కముక్కలు, రెండు సన్నటి తీగలు, ఓ పెద్ద కాగితం. నెల రోజులు ఓపిక పడితే అవే రెండు మీటర్ల రెక్కలై గద్దతో పోటీపడతాయి. అవే... రేడియో కంట్రోల్ గ్లైడర్లు. ఇంతకీ పుల్లల కట్ట పక్షిలా ఎలా మారుతుంది? తొలిసారి చేతిలోంచి వదిలేటప్పుడు గుండె ఎందుకు ఝల్లుమంటుంది?

వాయుదేవుడి తోరణం

కడప జిల్లా వేముల నుంచి వేంపల్లె మీదుగా ముందుకెళ్తే గండి క్షేత్రం వస్తుంది. కొండల్ని చీల్చుకుంటూ పాపాఘ్ని నది పారే చోటు అది. ఒడ్డున వీరాంజనేయస్వామి ఆలయం. అక్కడ తపస్సు చేసుకుంటున్న వాయుదేవుడు, లంక నుంచి తిరిగొస్తున్న రాముడికి స్వాగతం పలుకుతూ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడని స్థలపురాణం చెబుతుంది. ఆ కథ సంగతి ఎలా ఉన్నా, గాలికీ ఈ కొండలకీ ఉన్న చుట్టరికం మాత్రం నిజం. ఎండ ముదిరాక ఓసారి తలెత్తి చూడండి. గద్ద ఒకటి రెక్క కదపకుండా గిరికీలు కొడుతూ పైపైకి పోతూ ఉంటుంది. దానికేం మంత్రం తెలీదు. పైకి లేచే గాలి ఎక్కడుందో తెలుసు, అంతే!

కొండకు ఎదురుగా వచ్చిన గాలి దారి లేక వాలు వెంట పైకి లేస్తుంది. ఎండకు కాగిన నేల మీది గాలి తేలికై బుడగలా పైకి పోతుంది. వేసవిలో చెనిక్కాయ చేలల్లో దుమ్ము లేపుతూ తిరిగే సుడిగాలి అలాంటి బుడగకు అడుగుభాగమే. ఈ రెండు గాలుల్నీ పట్టుకుని ఎగిరేదే గ్లైడర్. నిజానికి అది ఎప్పుడూ కిందికే జారుతూ ఉంటుంది. అది జారే వేగం కన్నా గాలి లేచే వేగం ఎక్కువైతే, జారుతూనే పైకి పోతుంది!

గాలిపటమే మొదటి రెక్క

మనిషి ఎగరడం నేర్చుకున్నది ఇంజిన్‌తో కాదు, గ్లైడర్‌తోనే. ఇంగ్లండుకు చెందిన జార్జ్ కేలీ 1804లో ఓ కర్రకు గాలిపటాన్ని రెక్కగా బిగించి, వెనక కదిలే తోక పెట్టి చిన్న గ్లైడర్ చేశాడు. ముందు రెక్క, వెనక తోక... ఇప్పటి విమానాల రూపం అదే. జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ 1891 నుంచి 1896 దాకా సుమారు రెండు వేలసార్లు గుట్టల మీంచి గ్లైడర్లతో ఎగిరాడు. చివరికి అలాంటి ప్రయత్నంలోనే పడి ప్రాణం వదిలాడు. రైట్ సోదరులు కూడా 1900 నుంచి 1902 వరకు గ్లైడర్లతోనే కుస్తీ పట్టారు. అదుపు చేయడం తెలిశాకే, 1903 డిసెంబరు 17న ఇంజిన్ పెట్టి ఎగిరారు.

బొమ్మ విమానానికి రేడియో తోడైంది 1930ల్లో. అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు ‘గఫ్’ అనే నమూనా విమానాన్ని 1937లో రేడియోతో నడిపించారు. అది ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియం సేకరణలో ఉంది.

ఈ పుల్లలకు ఇంత దుడ్డా?

సరే, చరిత్ర పక్కన పెట్టి పెట్టె విప్పుదాం. వేములలో ఓ ఇల్లు. పదో తరగతి పరీక్షలు రాసేసిన కుర్రాడొకడు వేసవి సెలవుల కోసం గ్లైడర్ కిట్ తెప్పించుకున్నాడనుకుందాం. మూత తీయగానే జేజి నోరెళ్లబెడుతుంది.

‘ఏందిరా ఇది? పొయ్యిలోకి గూడా చాలని పుల్లలకు ఇంత దుడ్డు పెట్టినావా?’

‘సూస్తా ఉండు జేజీ... ఇదే ఎగురుతాది.’

జేజి అనుమానంలో తప్పేం లేదు. ఆ చెక్క చేత్తో పట్టుకుంటే బరువే తెలీదు. దాని పేరు బాల్సా. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ నుంచి ఎక్కువగా వస్తుంది. మన బూరుగు చెట్టుకు దగ్గరి చుట్టమే. ఒకే పరిమాణంలో తూస్తే టేకు బరువులో దాదాపు నాలుగో వంతే ఉంటుంది. మనకూ ఇలాంటి తేలిక చెక్క కొత్తేం కాదు. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొనికి ఆ కోవలోదే. తేలిగ్గా తెగుతుంది, జిగురు బాగా పడుతుంది. పైగా బాల్సాకు ఓ మంచి గుణం ఉంది. విరిగినా శుభ్రంగా విరుగుతుంది, అతికిస్తే మళ్లీ గట్టిగా నిలుస్తుంది. ఈ గుణం విలువేమిటో మన కుర్రాడికి త్వరలోనే తెలిసొస్తుంది!

పెట్టెలో ఇంకా ఏముంటాయి? రెక్కల కోసం కోసిపెట్టిన పక్కటెముకలు, రెక్క పొడవునా సాగే సన్నటి దూలాలు, ముక్కు భాగానికి ప్లైవుడ్ ముక్కలు, తోకను కదిపే తీగలు. అన్నిటికన్నా ముఖ్యమైంది మడతపెట్టిన ప్లాను. గ్లైడర్ ఎంత ఉంటుందో ప్లాను కూడా అంతే ఉంటుంది. రేడియో పెట్టె, బ్యాటరీ, పైన కప్పే పొర చాలా కిట్లలో రావు. విడిగా కొనుక్కోవాలి. ఇంత శ్రమ వద్దనుకునేవాళ్లకు నురుగుతో చేసిన రెడీమేడ్ గ్లైడర్లూ దొరుకుతాయి. రెక్కలు తగిలించి గంటలో ఎగరేయొచ్చు. కానీ అది ఎందుకు ఎగురుతుందో తెలియాలంటే మాత్రం పుల్లల పెట్టె దగ్గరికి రావాల్సిందే.

బల్ల వంకరైతే రెక్కా వంకరే!

మొదట కావాల్సింది జిగురు కాదు, చదునైన బల్ల. పాత తలుపు చెక్కయినా ఫర్వాలేదు. దానిమీద ప్లాను పరిచి, జిగురు అంటుకోకుండా పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం వేస్తారు. కింది దూలాన్ని ప్లాను మీది గీతపై గుండుసూదులతో నిలబెడతారు. దానిమీద పక్కటెముకల్ని ఒక్కొక్కటిగా నిలువుగా అతికిస్తారు. పైన రెండో దూలం. ముందు గుండ్రటి అంచు, వెనక పల్చటి అంచు. సాయంత్రానికి అస్థిపంజరం లాంటి రెక్క బల్ల మీద ప్రత్యక్షమవుతుంది.

జిగురూ ఒకటే సరిపోదు. మామూలు అతుకులకు తెల్ల జిగురు. ఆరడానికి గంటలు పడుతుంది గానీ, తప్పు సరిదిద్దుకునే వ్యవధి ఇస్తుంది. చిటికెలో పట్టేసే సైనో జిగురు త్వరగా పని కావాల్సిన చోట వాడతారు. రెండు రెక్కలు కలిసే నడిమధ్య మాత్రం ఎపాక్సీయే. ఎగిరేటప్పుడు భారమంతా పడేది అక్కడే మరి!

ఈ రెక్కలు బల్లపరుపుగా ఉండవు. దోసిలి పట్టినట్టు కొసలు పైకి లేచి ఉంటాయి. ఏదైనా గాలి తోపుకి ఒక పక్కకు ఒరిగితే, ఆ దోసిలి ఆకారమే గ్లైడర్‌ను మళ్లీ సమంగా నిలబెడుతుంది. కొత్తవాళ్లకు ఇది కనిపించని గురువు లాంటిది.

అంతా బాగానే ఉంది. కానీ మన కుర్రాడికి తొందర. కుడి రెక్క కొస జిగురు పూర్తిగా ఆరకముందే సూదులు పీకేశాడు. వెనక అంచు మూడు మిల్లీమీటర్లు పైకి మెలి తిరిగింది. కంటికి ఆనేంత కూడా కాదు. ‘మూడు మిల్లీమీటర్లకేం అవుతుందిలే’ అనుకున్నాడు. బల్ల మీద చేసిన తప్పును గాలి వదిలిపెట్టదని వాడికింకా తెలీదు.

ఇస్త్రీపెట్టె మహిమ

ఎముకల గూటికి చర్మం కప్పాలి. ఇందుకు ఒకవైపు జిగురు పూసిన పల్చటి ప్లాస్టిక్ పొర దొరుకుతుంది. దాన్ని రెక్కమీద పరిచి ఇస్త్రీపెట్టెతో అంచుల్లో ఒత్తితే అంటుకుంటుంది. ఆ తర్వాత వేడి కాస్త పెంచి మధ్యలో రుద్దితే ముడతలన్నీ పోయి డప్పు చర్మంలా బిగుసుకుంటుంది. వేడి ఎక్కువైతే చిల్లు పడుతుంది, తక్కువైతే ఊడొస్తుంది. బట్టల ఇస్త్రీ చేతనైన అమ్మ పక్కనుంటే ఈ పని సగం సులువు!

ఆకాశం నీలం కాబట్టి నీలం రంగు ముద్దుగా ఉంటుందని వెయ్యకూడదు. వంద మీటర్ల ఎత్తులో అది కనిపించకుండా పోతుంది. రెక్క కింద ముదురు రంగు, పైన ఎరుపో పసుపో ఉంటే ఏది ఎటు తిరిగిందో తెలుస్తుంది.

బంగారు తూకం

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో గ్రాముకు ఎంత విలువో, గ్లైడర్ కట్టేవాళ్లకూ అంతే విలువ. రెండు మీటర్ల రెక్కల గ్లైడర్, రేడియోతో కలిపి ఏడెనిమిది వందల గ్రాములు ఉంటే బాగుంటుంది. రెక్క వైశాల్యం నాలుగున్నర చదరపు అడుగులు, బరువు 700 గ్రాములు అనుకోండి. ఒక్కో చదరపు అడుగు మోసేది సుమారు 156 గ్రాములే. అందుకే అది అంత నెమ్మదిగా తేలుతుంది.

బరువు ఎంతన్నది ఒక లెక్కయితే, ఎక్కడుందన్నది అసలు లెక్క. రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి సుమారు మూడో వంతు దగ్గర, రెండు వైపులా వేళ్లు ఆనించి గ్లైడర్‌ను ఎత్తితే, అది త్రాసులా సమంగా నిలవాలి. కచ్చితమైన చోటు ప్లానులో గుర్తు పెట్టి ఉంటుంది. ముక్కు బరువైతే గ్లైడర్ మొండికేస్తుంది, త్వరగా దిగిపోతుంది. తోక బరువైతే మాత్రం ప్రమాదం. ముక్కు బరువున్న విమానం సరిగా ఎగరదు, తోక బరువున్నది ఒక్కసారే ఎగురుతుందని మోడల్ విమానాలవాళ్లు అందుకే అంటారు.

మామూలుగా తోకే బరువు తూగుతుంది. అప్పుడు ముక్కులో సీసం పెడతారు. తోక పొడవు, ముక్కు పొట్టి. అందుకే తోకలో 10 గ్రాములు పెరిగితే ముక్కులో 20 గ్రాములైనా పెట్టాలి. తోక దగ్గర జిగురు చుక్క ఎక్కువ వేసినవాడు ముక్కు దగ్గర సీసంతో అప్పు తీర్చుకోవాల్సిందే!

రెండు మోటార్లు, ఒక మాట

గ్లైడర్ కడుపులో చిన్న రిసీవర్, బ్యాటరీ, అగ్గిపెట్టెకన్నా చిన్నవైన రెండు సర్వో మోటార్లు ఉంటాయి. ఒకటి తోకలోని చుక్కానిని పక్కలకు తిప్పుతుంది. రెండోది ఎలివేటర్‌ను పైకీ కిందికీ కదుపుతుంది. చేతిలోని పెట్టెమీద కర్ర ఎంత కదిపితే అక్కడ రెక్క అంతే కదులుతుంది.

పాత రోజుల్లో ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు రేడియో ఆన్ చేస్తే గాల్లో ఉన్న విమానం కూలిపోయేది. ‘నీది ఏ ఛానెల్?’ అని అడగకుండా మైదానంలో ఎవరూ స్విచ్ వేసేవారు కాదు. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక ఆ బెడద దాదాపు తీరిపోయింది. మనదేశంలో ఈ తరంగాలను తక్కువ శక్తితో వాడుకునేందుకు 2005లో లైసెన్సు అక్కర్లేకుండా చేశారు.

ఎగరేసే ముందు మాత్రం ఓ పరీక్ష తప్పదు. గ్లైడర్ వెనక నిలబడి కర్రను కుడికి కదిపితే చుక్కాని కుడికే తిరగాలి. ఎడమకు తిరిగితే అప్పుడే సరిచెయ్యాలి. ఇంత చిన్న విషయం మర్చిపోయి నెల రోజుల కష్టాన్ని మూడు సెకన్లలో నేలపాలు చేసుకున్నవాళ్లు కోకొల్లలు.

మొదటి విసురు

ఆదివారం తెల్లవారుజాము. గాలి ఇంకా నిద్ర లేవలేదు. కోత అయిపోయిన చేను. నాయన పక్కన నిలబడ్డాడు. జేజి గట్టుమీద కూర్చుంది. కుర్రాడి గుండె దడదడ.

గ్లైడర్‌ను ఆకాశంలోకి విసరకూడదు. గాలికి ఎదురుగా నిలబడి, ముక్కును కొద్దిగా నేలవైపు ఉంచి, ఈటెలా తిన్నగా నెట్టాలి. వాడు అలాగే నెట్టాడు. పది మీటర్లు చక్కగా పోయింది. అంతలోనే కుడివైపు ఒరిగింది. వాడు కంగారుగా కర్రను వెనక్కి లాగాడు. ముక్కు పైకి లేచింది, వేగం చచ్చిపోయింది, ఠప్పున కుడి రెక్కమీద పడింది. ముక్కు దగ్గర చెక్క రెండు ముక్కలైంది.

ఏం జరిగిందంటే... ఆ మూడు మిల్లీమీటర్ల మెలిక! కుడి రెక్క కొస తక్కువ గాలి పట్టింది. ఎడమది ఎక్కువ పట్టింది. గ్లైడర్ కుడికి ఒరిగింది. భయంతో కర్రను లాగేసరికి ఉన్న కాస్త వేగమూ పోయింది. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఇదే. పడిపోతుందన్న భయంతో లాగితే పడుతుంది. చేతులు వదిలేస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

వాడు ఆ పూట అన్నం తినలేదనే అనుకుందాం. సాయంత్రం అదే బల్ల ముందు కూర్చున్నాడు. విరిగిన బాల్సాను అతికించాడు. రెక్క మెలికకూ మందు ఉంది. రెక్కను వ్యతిరేక దిశలో కొద్దిగా మెలిపెట్టి పట్టుకుని, పైపొరను మళ్లీ ఇస్త్రీపెట్టెతో కాచాలి. చల్లారేదాకా అలాగే పట్టుకుంటే, బిగుసుకున్న పొర రెక్కను తిన్నగా లాగి ఉంచుతుంది. ఒకరు మెలిపెట్టాలి, ఒకరు ఇస్త్రీపెట్టె పట్టాలి. ఆ రెండో జత చేతులు నాయనవి.

చూపు మసకైనా...

ఈ పనిలో చేతుల పాత్ర ఎంతటిదో అమెరికాకు చెందిన మేనార్డ్ హిల్ కథ చెబుతుంది. ఆయన బాల్సా చెక్కతో, ఐదు కిలోల లోపు బరువుతో ఓ నమూనా విమానం కట్టాడు. అది గ్లైడర్ కాదు, చిన్న ఇంజిన్ ఉన్నదే. 2003 ఆగస్టులో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో వదిలితే సుమారు మూడు వేల కిలోమీటర్లు ఎగిరి, దాదాపు 39 గంటల తర్వాత ఐర్లాండ్ తీరంలో దిగింది. నమూనా విమానం అట్లాంటిక్ దాటడం అదే మొదటిసారి. అంతకుముందు పంపినవి సముద్రంలో కలిసిపోయాయి. అప్పటికి హిల్ వయసు 77 ఏళ్లు. చూపు దాదాపు పోయింది, వినికిడీ అంతంతమాత్రమే. చాలా పని వేళ్లతో తడిమి చూసుకుంటూనే చేశాడు.

గద్దే గురువు

రెండో ఆదివారం గ్లైడర్ తిన్నగా వెళ్లి చేను చివర మెత్తగా వాలింది. ఇక ఎత్తుకు పంపాలి. అందుకు గాలిపటం సూత్రమే! నేలలో గట్టి మేకు. దానికి సుమారు 30 మీటర్ల రబ్బరు గొట్టం. దానికి వంద మీటర్లకు పైగా దారం. కొసన రింగు. రింగును గ్లైడర్ కింది కొక్కేనికి తగిలించి, వెనక్కి నడిచి రబ్బరును సాగదీసి వదిలితే, గాలిపటంలా నిటారుగా పైకి పోతుంది. పైన దారం వదులవగానే రింగు దానంతటదే జారిపోతుంది.

ఇప్పుడు వంద మీటర్ల ఎత్తు. సెకనుకు అర మీటరు చొప్పున దిగితే 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఈలోగా పైకి లేచే గాలి దొరకాలి. ఎక్కడ వెతకాలి? పచ్చటి చీనీ తోట మీద, చెరువు మీద గాలి చల్లగా ఉంటుంది. పక్కనే ఎండకు కాగిన దుక్కి, రాతి గుట్ట... అక్కడ చూడాలి. ఒక రెక్క ఎవరో కిందినుంచి నెట్టినట్టు లేస్తే, గాలి అటే ఉన్నట్టు. వెంటనే అటు తిప్పి గిరికీ కొట్టాలి. ఇవేవీ అంతుపట్టకపోతే గద్ద ఎక్కడ తిరుగుతుందో చూసి అక్కడికి పంపాలి. అంతకుమించిన గురువు లేడు!

ఇంకో చిక్కు కూడా ఉంది. గ్లైడర్ మనకు ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. దీనికో చిట్కా... ఏ రెక్క వాలిందో ఆ రెక్క వైపే కర్రను తొయ్యాలి, దానికి ఊతం ఇస్తున్నట్టు.

ఇవి మరవొద్దు!

కరెంటు తీగలు, రోడ్లు, జనం, పశువులు ఉన్నచోట ఎగరేయకూడదు. సైనో జిగురు ఆవిరి కళ్లకు మంచిది కాదు, కిటికీలు తెరిచి వాడాలి. బ్లేడుతో కోసేటప్పుడు పిల్లల పక్కన పెద్దవాళ్లు ఉండాలి. లిథియం బ్యాటరీని ఛార్జింగ్‌కు పెట్టి బయటికి వెళ్లొద్దు.

మనదేశంలో ఇవి 2021 నాటి డ్రోన్ నిబంధనల కిందికి వస్తాయి. సరదా కోసమో చదువు కోసమో కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేసే నమూనాలకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు దాటకూడదు. ప్రభుత్వ గగనతల మ్యాప్‌లో మన ఊరు ఏ జోన్‌లో ఉందో, రిజిస్ట్రేషన్ సంగతేమిటో ముందే చూసుకోవాలి. తుమ్మలపల్లె యురేనియం గని వేముల మండలంలోనే ఉంది కాబట్టి ఇక్కడివాళ్లు ఇది అసలే మరవకూడదు. నేర్చుకునే దారి కావాలంటే ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంది. క్యాడెట్ల శిక్షణలో ఏరోమోడలింగ్ ఓ భాగం.

జేజి చూసింది!

ఆ ఉదయం గ్లైడర్ రెండుసార్లు కిందికి జారి, మూడోసారి రాతి గుట్ట పైన ఎడమ రెక్క ఎత్తింది. కుర్రాడు అటు తిప్పాడు. ఒక చుట్టు... రెండు చుట్లు... దిగాల్సింది దిగలేదు. కర్రల మీంచి బొటనవేళ్లు తీసేశాడు. అది తన పాటికి తాను తిరుగుతోంది. జేజి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికింది.

‘రెండు కనపడతాండాయి. దాంట్లో మనది యాడిదిరా?’

పక్కనే గద్ద తిరుగుతోంది మరి!

వాడు రెండో గ్లైడర్ కోసం మళ్లీ పెట్టె కొనాల్సిన పనిలేదు. మొదటి కిట్‌లో వచ్చిన ప్లాను మడిచి దాచుకుంటే చాలు. ఏ ముక్క ఎందుకుందో ఇప్పుడు తెలుసు కాబట్టి, చెక్క తెచ్చుకుని పక్కటెముకలు తానే కోసుకుంటాడు. ఈసారి జిగురు ఆరేదాకా సూదులు పీకడు!